పొడుగు పిల్ల ఎందుకు తొందరపడుతుంది?

బిలాస్‌పూర్ రైల్వే ఊరు. సౌత్ ఈస్ట్ సెంట్రల్ రైల్వే ప్రధాన కార్యాలయం ఇక్కడే ఉంది. కోర్బా నుంచి విశాఖపట్నం వెళ్లే ఎక్స్‌ప్రెస్ ఈ స్టేషన్ మీదుగానే పోతుంది. రైల్వే కొలువుల కోసం వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు కూడా ఇక్కడ ఉన్నాయి. ఇలాంటి ఊళ్లో ఆట అంటే కాలక్షేపం ఒక్కటే కాదు, స్పోర్ట్స్ కోటాలో ఉద్యోగం కూడా. అందుకే ఏ ఇంట్లోనైనా వయసుకు మించి పొడుగు పెరుగుతున్న అమ్మాయి ఉంటే, బాస్కెట్‌బాల్ తెలిసినవాళ్ల కళ్లు ముందు ఆ పిల్ల మీదే పడతాయి.

ఆ ఆశకు ఆధారం లేకపోలేదు. ఇక్కడికి రైల్లో మూడు గంటల లోపు దూరంలో ఉన్న భిలాయిలో కోచ్ రాజేశ్ పటేల్, 2018లో కన్నుమూసేదాకా, ఛత్తీస్‌గఢ్ అమ్మాయిలను జాతీయ విజేతలుగా తీర్చిదిద్దారు. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చి ఆయన దగ్గర శిక్షణ పొందిన పూనమ్ చతుర్వేది, ఏడడుగులకు కాస్త తక్కువ ఎత్తుతో, భారత జట్టుకు సెంటర్‌గా ఆడింది.

చిక్కంతా ఆ తర్వాత మొదలవుతుంది. ఎత్తు చూసి ఎంపిక చేసిన పిల్లను సెంటర్ స్థానంలో, అంటే రింగ్ కింద, కాపలాగా నిలబెడతారు. వచ్చిన ప్రతి షాట్‌నూ ఆపమంటారు. మొదటి పది నిమిషాల్లో ఆమె ఒకటో రెండో అద్భుతమైన బ్లాకులు చేస్తుంది, చూసేవాళ్లు చప్పట్లు కొడతారు. రెండో క్వార్టర్ సగానికల్లా ఆమె పేరు మీద మూడు ఫౌళ్లు పడతాయి. అంతర్జాతీయ నిబంధనల ప్రకారం ఆట 40 నిమిషాలు, ఐదో ఫౌల్‌తో ఆటగత్తె బయటికి పోవాలి. కోచ్ ఆమెను బెంచీ మీద కూర్చోబెడతాడు. ఆపైన వినిపించే మాట ఎక్కడైనా ఒక్కటే: ‘పొడుగుంది గానీ నిదానం లేదు.’

ఆ మాటలో సగం నిజం ఉంది. కానీ దాన్ని స్వభావంలోని లోపంగా చూడటం పొరపాటు. అది కాలానికి సంబంధించిన లెక్క. ఆ లెక్క ఆమెకు ఎవరూ చెప్పలేదు.

బంతి సంగతి ముందు చూద్దాం. రింగ్ నేల నుంచి 3.05 మీటర్ల ఎత్తులో ఉంటుంది. దగ్గర నుంచి షాట్ వేసే అమ్మాయి చేతి నుంచి బంతి సుమారు 2.3 మీటర్ల ఎత్తులో, సెకనుకు 5 మీటర్ల వేగంతో పైకి లేస్తుందనుకుందాం. బ్లాక్ చేసే చేయి 2.7 మీటర్ల ఎత్తుకు అందుతుందనుకుందాం. బంతి ఆ ఎత్తును దాటడానికి పట్టే సమయం 0.09 సెకను. కంటితో చూసి స్పందించడానికి మనిషికి మామూలుగా 0.2 సెకను పడుతుంది. అంటే బంతి చేతిని వదలడం చూశాక కదిలితే, కాలు నేల మీద నుంచి లేవకముందే బంతి దాటిపోయి ఉంటుంది. పోనీ, కిందికి దిగేటప్పుడు కొడదామంటే నిబంధన ఒప్పుకోదు. రింగ్ కన్నా ఎత్తులో ఉండి కిందికి దిగుతున్న షాట్‌ను ముట్టుకుంటే బుట్టలో పడినట్టే లెక్క.

కాబట్టి బ్లాక్ అనేది స్పందన కాదు, ముందుగా వేసిన అంచనా. మోకాలి వంపు, భుజం కదలిక, బంతి నుదుటి దాకా లేచిన తీరు చూసి, ఇప్పుడు షాట్ వస్తుందని పందెం కాయడం. ఎదుటివాళ్లకు ఇది తెలుసు. అందుకే బంతిని పైకెత్తినట్టు నటించి ఆపేస్తారు. కొత్త సెంటర్ గాల్లోకి లేస్తుంది. అప్పుడు తీరిగ్గా అసలు షాట్ వేస్తారు, ఆమె వచ్చి వాళ్ల మీద పడుతుంది.

గాల్లో ఉన్నవాళ్లు దారి మార్చుకోలేరు. నేలను వదిలిన క్షణంలో శరీర గరిమనాభికి ఎంత వేగం, ఏ దిశలో ఉందో, ఆ తర్వాతి పరావలయం అప్పుడే ఖరారైపోతుంది. చేతులు ఎంత ఊపినా, నడుము ఎంత తిప్పినా గరిమనాభి ఆ గీత తప్పదు. పరుగెత్తుకొచ్చి ఎగిరిన అమ్మాయికి ముందుకు సెకనుకు 2 మీటర్ల వేగం మిగిలి ఉండి, 40 సెంటీమీటర్లు పైకి లేచిందనుకుందాం. ఆమె 0.57 సెకను గాల్లో ఉంటుంది. ఆ వ్యవధిలో ముందుకు 1.14 మీటర్లు జరుగుతుంది. ఆ మీటరు దూరంలో షాట్ వేసే మనిషి ఉంటుంది. రిఫరీ విజిల్ చేయి తగిలినప్పుడు మోగుతుంది. అయితే ఫౌల్ జరిగింది అంతకు అర సెకను ముందు, పాదాల దగ్గర.

ఇక ఎత్తు సంగతి. ఇద్దరు అమ్మాయిలను తీసుకుందాం. నిలబడి చేయెత్తితే ఒకరికి 2.30 మీటర్లు అందుతుంది, మరొకరికి 2.45. ఇద్దరూ 2.70 అందుకోవాలి. మొదటి అమ్మాయి 40 సెంటీమీటర్లు ఎగరాలి, పైకి చేరడానికి 0.29 సెకను పడుతుంది. రెండో అమ్మాయికి 25 సెంటీమీటర్లు చాలు, పట్టేది 0.23 సెకను. తేడా 0.06 సెకను. కనురెప్ప ఒకసారి మూసి తెరవడానికి కూడా ఇంతకన్నా ఎక్కువే పడుతుంది. కానీ సెకనుకు 5 మీటర్ల వేగంతో కదిలే బంతి ఆ సమయంలో సుమారు 30 సెంటీమీటర్లు పోతుంది, అంటే తన వ్యాసం కన్నా ఎక్కువ. పొడుగు అమ్మాయి అంతసేపు నేల మీదే ఉండి, షాట్ నిజమో నటనో చూసి అప్పుడు లేవవచ్చు.

పొడుగు పిల్లకు ఉన్న అసలు ఆస్తి ఆ 0.06 సెకను. ఆమె చేత అందరికన్నా ముందు, అందరికన్నా ఎత్తుకు ఎగిరించే కోచింగ్ ఆ ఆస్తిని తగలబెడుతోంది. నిలుచున్నచోటే నిటారుగా లేచి, చేతులు నేరుగా పైకి చాపి ఉంచిన ఆటగత్తెను ఎదుటివాళ్లు వచ్చి గుద్దుకుంటే తప్పు ఆమెది కాదని నిబంధనలు స్పష్టంగానే చెబుతున్నాయి. ప్రతి ఆటగత్తెకూ తన చుట్టూ, నేల నుంచి పైదాకా, ఊహాత్మక స్తూపాకారపు చోటు ఉంటుంది. చేయి విసిరి కొట్టినప్పుడే చిక్కు. భుజం ఇరుసుగా తిరిగే చేయి వృత్తచాపంలో ముందుకు, ఆపైన కిందికి వస్తుంది. ఆ దారిలో బంతి కన్నా ముందు ఎదుటివాళ్ల మణికట్టు తగులుతుంది. ప్రేక్షకులకు నచ్చేది మాత్రం ఆ విసురే.

అమెరికా ఎన్‌బీఏలో రెండు ఉదాహరణలు చూడండి. 2007లో తొలి ఎంపికగా వచ్చిన ఏడడుగుల గ్రెగ్ ఓడెన్, మోకాలి గాయం వల్ల ఏడాది ఆలస్యంగా, 2008-09లో ఆడటం మొదలుపెట్టాడు. సగటున ఆటకు 21 నిమిషాలే ఆడి దాదాపు 4 ఫౌళ్లు చేశాడు, బ్లాకులు ఒకటికి కాస్త ఎక్కువ. 2023-24లో విక్టర్ వెంబన్యామా తన తొలి సీజన్‌లో 71 ఆటల్లో 254 బ్లాకులు చేశాడు. ఆటకు సగటు 3.6. ఫౌళ్లు రెండుకు కాస్త ఎక్కువ, అదీ సుమారు 30 నిమిషాలు ఆడి. వెంబన్యామా చేతుల పొడవు అసాధారణం, నిజమే. అయినా అతని ఆట చూస్తే, చాలా బ్లాకులకు అతను పెద్దగా ఎగరడు. ఆలస్యంగా లేస్తాడు.

బ్లాకుల సంఖ్యను కూడా మరీ నమ్మకూడదు. ఎన్‌బీఏ 1973-74 సీజన్ నుంచే వాటిని లెక్కించడం మొదలుపెట్టింది. బ్లాక్ చేసిన బంతిని సహచరుల చేతికి అందించడంలో దిట్టగా పేరు పొందిన బిల్ రసెల్ అప్పటికే రిటైరయ్యాడు, ఆయన పేరు మీద ఒక్క బ్లాక్ కూడా నమోదు కాలేదు. బంతిని గ్యాలరీలోకి కొట్టినా, తన జట్టు చేతికి చేర్చినా పట్టికలో ఒకే అంకె పడుతుంది. ఆమె నిలబడి ఉండటం చూసి ఎదుటివాళ్లు షాట్ మానుకుంటే ఏ అంకే పడదు.

మూడు ఫౌళ్లకే బెంచీ ఎక్కించే అలవాటును కూడా లెక్కకు పెట్టి చూడవచ్చు. సగటున 7 నిమిషాలకు ఒక ఫౌల్ చేసే అమ్మాయికి 15వ నిమిషంలో మూడో ఫౌల్ పడిందనుకుందాం. ఫౌళ్లు అదే వేగంతో, యాదృచ్ఛికంగా వస్తాయనుకుంటే, ఆమెను ఆడనిస్తే సగటున ఇంకా 13 నిమిషాలు ఆడుతుంది. పది నిమిషాలు కూర్చోబెట్టి చివరి 15 నిమిషాలకు దింపితే పదిన్నర నిమిషాలే. ఐదో ఫౌల్ పడకుండా కాపాడుతున్నామనుకుంటూ, రెండున్నర నిమిషాల ఆటను కోచే తీసేస్తున్నాడు. చివరి నిమిషాలకు విలువ ఎక్కువ అన్న వాదన ఉంది. ఫైనల్లో, అనుభవం ఉన్న సెంటర్ విషయంలో అది చెల్లుతుంది. పదహారేళ్ల పిల్ల జిల్లా పోటీ ఆడుతున్నప్పుడు చెల్లదు. ఎప్పుడు ఎగరకూడదో ఆమె నేర్చుకోగలిగేది కోర్టు మీద, నిజమైన నటనలకు మోసపోతూనే. బెంచీ మీద కూర్చుని ఆ 0.06 సెకను ఎలా వాడాలో ఎవరూ నేర్చుకోలేరు. రెండు మూడు టోర్నమెంట్లు ఇలా గడిచేసరికి సెలెక్షన్ ట్రయల్స్ వస్తాయి. అక్కడ చూపించడానికి ఆమె దగ్గర ఎత్తు తప్ప ఇంకేమీ ఉండదు.

దీనికి ఖరీదైన లేబొరేటరీ అక్కర్లేదు. సెకనుకు 240 ఫ్రేములు తీసే స్లో మోషన్ ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. 0.06 సెకను అంటే 14 ఫ్రేములు. షాట్ వేసే చేయి కదిలిన ఫ్రేమ్ ఏది, తన పాదం నేలను వదిలిన ఫ్రేమ్ ఏది, ఆ పాదం ఎక్కడ లేచి ఎక్కడ దిగింది: ఈ మూడూ ఒక నోట్‌బుక్‌లో రాసుకుంటే చాలు. ఫౌల్ పడిన ఎగురుళ్లకూ, బ్లాక్ అయిన ఎగురుళ్లకూ మధ్య తేడా ఎన్ని ఫ్రేములో ఆ అమ్మాయే లెక్కపెట్టుకుంటుంది.