డాక్టర్ల మాట మారితే నమ్మేదెలా?

ప్రశ్న: మావారికి చాలా ఏళ్ళుగా కడుపులో అల్సర్. కారం, ఆవకాయ, దిగులే కారణమని ఇదివరకు డాక్టర్లు చెబితే అన్నీ మానిపించాను. ఇప్పుడు ఎండోస్కోపీ చేసి, సూక్ష్మజీవి ఉందంటూ 14 రోజులకు మందులు రాశారు. "పూటకో మాట చెప్పే సైన్సును నమ్మేదేమిటి?" అని మావారు చీటీ మడిచి పెట్టేశారు. ఏం చెయ్యమంటారు?
- ఒక గృహిణి, తెనాలి

జవాబు: అమ్మా, మీవారి ప్రశ్న కొట్టిపారేయదగింది కాదు. కారం, దిగులే అల్సర్‌ను పుట్టిస్తాయన్న మాటకు గట్టి రుజువు ఎన్నడూ లేదు. పెద్దలన్నారు, పుస్తకాల్లో ఉంది, అంతే. ఆసిడ్ సంగతి వేరు. దాన్ని తగ్గించే మాత్రలు వేస్తే పుండు మానేది. ఆపితే చాలామందికి ఏడాది తిరక్కుండానే మళ్ళీ వచ్చేది. ఎందుకొస్తోందో తెలియలేదు.

ఆస్ట్రేలియాలోని పెర్త్‌లో రాబిన్ వారెన్ అనే డాక్టరు 1979లో జీర్ణాశయపు పొరమీద వంకర సూక్ష్మజీవుల్ని చూశాడు. అంత ఆసిడ్‌లో క్రిములు బతకవని అప్పటి నమ్మకం. 1982లో ఈస్టర్ సెలవుల వల్ల ప్రయోగశాలలో పళ్ళేలు మామూలుకంటే ఎక్కువ రోజులు ఉండిపోతే, అవి పెరిగి కనిపించాయి. 1984లో బారీ మార్షల్ వాటిని తానే తాగి జబ్బుపడ్డాడు. అయితే ఆయనకు వచ్చింది జీర్ణాశయపు వాపే, పుండు కాదు! ఒక్కరు తాగితే రుజువైపోదు. ఎందరో రోగుల్ని గుంపులుగా చేసి పోల్చి చూస్తే, క్రిమి చచ్చినవారిలో పుండు తిరగబెట్టడం బాగా తగ్గింది. మాట మారింది అందుకు. 2005లో వారిద్దరికీ నోబెల్ బహుమతి వచ్చింది.

ఇంతా చేసి, ఈ క్రిమి ఉన్నవారిలో ఎక్కువమందికి అల్సర్ రానేరాదు. నొప్పి మాత్రల వల్ల క్రిమి లేకుండానే వస్తుంది. టానిక్ సీసా మీద "శాస్త్రీయంగా నిరూపితం" అని ఉన్నా, తెల్లకోటు వేసుకున్నవారు చెప్పినా, ఎవరిమీద పరీక్షించారు, దేనితో పోల్చారు అని అడగండి. మమ్మల్నీ అడగండి, తప్పులేదు.

మీవారి చేత మందులు పూర్తిగా వాడించండి. నాలుగో రోజున నొప్పి తగ్గిందని ఆపితే క్రిమి మొండికేస్తుంది. కోర్సు అయిన నాలుగు వారాల తర్వాత అది పోయిందో లేదో పరీక్ష ఉంది, చేయించండి. కీళ్ళనొప్పులకు మాత్రలు మింగుతుంటే డాక్టరుకు చెప్పాలి. ఆవకాయ తిన్నప్పుడు మంట పెరిగితే తగ్గించండి, లేకపోతే వెయ్యండి. విరేచనం తారులా నల్లగా అయినా, వాంతిలో రక్తం పడినా ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి.