పట్నం ఎప్పుడు పాతబస్తీ అయింది?

తెలంగాణ పల్లెల్లో పెద్దవాళ్లు హైదరాబాద్‌ను ఊరి పేరుతో పిలవరు. ‘పట్నం పోయొస్తా’ అంటారు. 1591లో చార్మినార్ చుట్టూ పుట్టిన నగరానికి అంతకు మించిన చిరునామా అక్కర్లేకపోయింది. అదే నేల ఇవాళ పత్రికల్లో ‘పాతబస్తీ’.

‘పాత’ అనే మాట ఎప్పుడూ కొత్తదాని తర్వాతే పుడుతుంది. 1578లో మూసీపై కట్టిన వంతెననే చూడండి. నగరం కంటే ముందే వచ్చిన ఆ వంతెన, నయాపూల్ (కొత్త వంతెన) వచ్చాకే పురానాపూల్ (పాత వంతెన) అయింది. నది ఉత్తరాన కోఠిలో బ్రిటిష్ రెసిడెన్సీ, 1806లో సికింద్రాబాద్ వెలిశాయి. అధికారం, వ్యాపారం అటు జరిగేకొద్దీ నగరం నడిబొడ్డు పాతదైపోయింది.

ఆ పేరు నడిబొడ్డు దాటి ఎలా పాకిందో బహదూర్‌పురా చెబుతుంది. ఇది ఒకప్పటి నగర ప్రాకారానికి వెలుపలిది. అయినా ఇదీ పాతబస్తీయే! ఇక్కడ 21 అర్ధచంద్రాకార వంపుల ఆనకట్టతో మీర్ ఆలం చెరువు ఉంది, 1963లో తెరిచిన జూపార్కు ఉంది. జూకు పిల్లల్ని తీసుకెళ్లే కుటుంబాలు పాతబస్తీకి వెళ్తున్నామని అనుకోవు. గొడవ జరిగితే మాత్రం శీర్షికలో ఆ పేరే.

పాతబస్తీ అనే పేరు ముద్రగా మారడం అన్యాయం. వార్త రాసేవాళ్లు పాతబస్తీలోని దూద్‌బౌలిని దూద్‌బౌలి అనీ, బహదూర్‌పురాను బహదూర్‌పురా అనీ రాయాలి.