గడ్డి గింజ నేలపాలు

పార్లమెంటులో పశుగ్రాసం ప్రస్తావన వచ్చినప్పుడల్లా మంత్రులు చదివే సమాధానం ఇంచుమించు ఒక్కటే. దేశంలో పచ్చిమేత కొరత సుమారు 11 శాతం, ఎండుమేత కొరత 23 శాతం అన్నది ఝాన్సీలో 1962లో నెలకొన్న పచ్చిక, పశుగ్రాస పరిశోధన సంస్థ అంచనా. దానికి విరుగుడుగా మేత విత్తనోత్పత్తికి జాతీయ పశుసంపద మిషన్ కింద సాయమందిస్తున్నామంటారు. 2014-15లో ఆరంభమై 2021లో సవరణ పొందిన ఆ పథకాన్ని తప్పుపట్టనక్కరలేదు. కాని, పండిన గింజ గోతాలకెక్కేలోగా ఏమవుతున్నదని అడిగిన సభ్యుణ్ణి ప్రెస్ గ్యాలరీ నుంచి నేనింతవరకు చూడలేదు.

వరి, గోధుమ గింజలు కోతదాకా కంకిని అంటిపెట్టుకొని ఉండడం వేల ఏళ్ళుగా మానవుడు చేసిన ఎంపిక ఫలం. గినీ గడ్డికి, అంజన్ గడ్డికి ఆ మచ్చిక జరుగలేదు. గినీ గడ్డి కంకిలో కొసన గింజ పండి రాలుతుండగా అడుగున ఇంకా పాలుపోసుకుంటూ ఉంటుంది. ముందు కోస్తే తాలు, ఆగితే నేలపాలు. దఫదఫాలుగా చేత్తో దూయించాలంటే కూలి డబ్బులు గిట్టవు. ఇక రైతు విత్తనం జోలికెందుకు పోతాడు? మన పాడిరైతు హైబ్రిడ్ నేపియర్ కణుపులు నాటుకొని గట్టెక్కుతున్నాడు. వేల ఎకరాల బీళ్ళలో ఆ పద్ధతి సాగదు.

గింజ నిలిచే వంగడాలు అసాధ్యమేమీ కావు. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఫలారిస్ గడ్డిలో సాధించారు. మన గడ్లలో చిక్కు వేరు. ఇవి ప్రధానంగా ఫలదీకరణం లేకుండానే గింజ కడతాయి గనుక పిల్లమొక్క తల్లికి అచ్చు నకలు. సంకరానికి అరుదైన లైంగిక మొక్కలను వెదకి పట్టాలి. అది ఒక ఆర్థిక సంవత్సరంలో తేలే పని కాదు. బీడులో గింజ రాలితేనే పచ్చిక మళ్ళీ మొలుస్తుందన్న వాదన ఉంది, నిజమే. కోతవేళ దాకా నిలిచి, ఆపైన రాలితే చాలునన్నదే ఇక్కడి కోరిక.

ఢిల్లీ తిరకాసు మరొకటి ఉంది. 2019లో పశుసంవర్ధకానికి వేరే మంత్రిత్వ శాఖ ఏర్పడింది. విత్తన సాయం దానిది. ఝాన్సీ పరిశోధన వ్యవసాయ శాఖ కింది మండలిది. ఒకరు పచ్చిమేత టన్నులను ప్రధానంగా తూచి వంగడాన్ని విడుదల చేస్తారు, మరొకరు విత్తనం చాలలేదని వాపోతారు. కంకిపై నిలిచే గింజను కూడా విడుదలకు కొలమానం చేసి, పదేళ్ళకు తగ్గని నిధిని ఆ పనికి కేటాయించాలని రెండు శాఖల పద్దులపై చర్చలోనూ సభ్యులు పట్టుబట్టాలి.