ఊరి పేరు రాస్తారు, వాడ పేరు రాయరు

ఏప్రిల్, మే నెలల్లో చంటిబిడ్డకు నీళ్ల విరేచనాలు పట్టుకుంటే మన ఇళ్లల్లో మొదట వినిపించే మాట ‘వేడి చేసింది’. బిడ్డ ఏడెనిమిది నెలలదైతే ‘పళ్లొస్తున్నాయి కదా’ అంటారు. ఆర్‌ఎంపీ ‘ఇన్‌ఫెక్షన్’ అని ఓ సూది వేస్తాడు. వాడలో పదిమంది పడ్డాక జిల్లా పేజీలో ‘ఎస్సీ కాలనీలో ప్రబలిన అతిసారం’ అని చిన్న వార్త వస్తుంది. విలేకరికి కనిపించిన ఆ ‘ఎస్సీ కాలనీ’కి ప్రభుత్వ వ్యాధి నివేదికలో మాత్రం చోటు లేదు. నేను మాట్లాడదలచుకున్నది ఆ చోటు గురించే.

ముందు క్రిములు. ఎండ వల్ల విరేచనాలు రావు. అయిదేళ్లలోపు పిల్లల్లో తీవ్రమైన విరేచనాలకు ఏ క్రిమి ఎంత కారణమో తేల్చడానికి ఆసియా, ఆఫ్రికాల్లో ఏడుచోట్ల పెద్ద అధ్యయనం జరిగింది. ‘జెమ్స్’ అని పిలిచే ఆ అధ్యయనంలో మన కోల్‌కతా కూడా ఉంది. 2013లో ఫలితాలు వచ్చాయి. ముఖ్యంగా తేలినవి నాలుగు: రోటావైరస్, క్రిప్టోస్పోరిడియం అనే పరాన్నజీవి, విషం విడుదల చేసే ఒక రకం ఈ-కోలి, షిగెల్లా. రోటావైరస్ ఉత్తరాదిలో చలికాలంలో ఎక్కువ విజృంభిస్తుంది. దానికి టీకా ఉంది. 2016లో ప్రభుత్వం ఆ టీకాను మొదట ఇచ్చిన నాలుగు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేసవి ప్రధానంగా బాక్టీరియాది, అంటే ఈ-కోలిది, షిగెల్లాది. వీటికి మన సార్వత్రిక టీకాల జాబితాలో ఏమీ లేదు.

ఈ రెండూ ఒకేలా పనిచేయవు. షిగెల్లా పది నుంచి వంద కణాలు కడుపులోకి వెళ్లినా చాలు, రక్త విరేచనాలు తెప్పిస్తుంది. చేతులు కడుక్కోవడానికి నీళ్లు లేని ఇంట్లో అది ఒకరి చేతి నుంచి ఇంకొకరికి పోతుంది. ఈ-కోలికి మాత్రం కోట్ల సంఖ్య కావాలి. ఆ సంఖ్యను పెంచిపెట్టేది ఎండే. ఉపాధి హామీ పనులు జోరుగా సాగేది వేసవిలోనే. తల్లి తెల్లవారుజామున వండిపెట్టి పనికి పోతుంది. మధ్యాహ్నం ఆ అన్నాన్నే, ఆ పాలనే అవ్వో అక్కో బిడ్డకు పెడుతుంది. రేకుల ఇంట్లో ఆరేడు గంటల్లో ఒక క్రిమి లక్షలవుతుంది. ‘వేడి చేసింది’ అన్న మాటలో ఇంతమట్టుకు నిజం ఉంది, కాకపోతే వేడి చేసింది బిడ్డకు కాదు, గిన్నెకు.

మరి ఆ మొదటి క్రిమి గిన్నెలోకి ఎలా వచ్చింది? తరచుగా నీళ్లలో. వేసవిలో బోర్లు అడుగంటుతాయి, రోజూ వచ్చే నీళ్లు రెండు రోజులకోసారి అవుతాయి. వాల్వు కట్టేశాక పైపులో ఒత్తిడి పడిపోతుంది. పైపుకు పగులుంటే, పక్కన మురుగు కాలువుంటే, ఆ మురుగు లోపలికి లాక్కోబడుతుంది. మళ్లీ వాల్వు తిప్పగానే అదంతా కుళాయిలోకి వస్తుంది. ఎగువన ఎవరైనా మోటారు బిగిస్తే చెప్పనక్కర్లేదు. కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలని మన తాగునీటి ప్రమాణం. ట్యాంకులో బ్లీచింగ్ కలిపినా దారి పొడవునా క్లోరిన్ తగ్గుతూ పోతుంది, చివరి కుళాయికి ఏమీ మిగలకపోవచ్చు. క్రిప్టోస్పోరిడియం అయితే ఆ మోతాదు క్లోరిన్‌కు చావనే చావదు. మన ఊళ్ల నక్షా తెలిసినవాళ్లకు చివరి కుళాయి ఎవరి వాడలో ఉంటుందో నేను చెప్పనవసరం లేదు.

1927 మార్చి 20న బాబాసాహెబ్ మహద్‌లో చవదార్ చెరువు నీళ్లు తాగారు. తర్వాత అక్కడి సవర్ణులు ఆ చెరువును ‘శుద్ధి’ చేశారు. పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కలిపిన కుండలు అందులో ముంచారు. తాగే నీళ్లలో పేడ కలపడం శుద్ధి, దళితుడి దోసిలి తగలడం మైల! ఈ దేశంలో నీటి కాలుష్యం అన్న మాటకు ఉన్న రెండు అర్థాలను ఆ రోజు పక్కపక్కన చూడొచ్చు. తర్వాత రాజ్యాంగం 15వ అధికరణం బావులు, చెరువులు అందరివీ అంది. అయినా 11 రాష్ట్రాల్లో 565 గ్రామాలు తిరిగి ఘన్‌శ్యామ్ షా, హర్ష్ మందర్, సుఖదేవ్ థోరట్ తదితరులు 2006లో వెలువరించిన పుస్తకం దాదాపు సగం గ్రామాల్లో దళితులకు నీటి వనరులు అందడం లేదని లెక్క చెప్పింది. ఆరోగ్య కార్యకర్తలు దళితుల ఇళ్లకు రాని గ్రామాలు మూడింట ఒక వంతు.

ఈ రెండో అంకె దగ్గర నేను ఎప్పుడూ ఆగిపోతాను. ఎందుకంటే విరేచనాలతో చనిపోయే బిడ్డ సాధారణంగా క్రిమి వల్ల నేరుగా చనిపోదు, ఒంట్లో నీళ్లు, లవణాలు పోయి చనిపోతుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల కోసం బనగావ్‌లో డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించి, 30 శాతం దాకా ఉన్న మరణాలను 4 శాతం లోపుకి తెచ్చారు. ఓఆర్‌ఎస్ ప్యాకెట్, 14 రోజుల జింక్ మాత్రలు, ఇంతే మందు. నీళ్ల విరేచనాలకు చాలావరకు యాంటీబయోటిక్ అక్కర్లేదు, రక్తం పడితేనే కావాలి. అయినా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం విరేచనాలైన పిల్లల్లో ఓఆర్‌ఎస్ అందింది 60.6 శాతానికే, జింక్ 30.5 శాతానికే. ఆ ప్యాకెట్ మోసుకొచ్చే మనిషి మన గడప దాకా వస్తుందా రాదా అన్నది కూడా వ్యాధి కారణాల్లో ఒకటే.

తమిళనాడు పుదుక్కోట్టై జిల్లా వేంగైవయల్ సంగతి చాలామందికి తెలుసు. అది వేసవి కాదు, 2022 డిసెంబరు. దళితవాడ పిల్లలు జబ్బుపడితే డాక్టర్లు నీళ్లను అనుమానించారు. వాడవాళ్లు ఓవర్‌హెడ్ ట్యాంకు ఎక్కి చూస్తే మనిషి మలం కనిపించింది. 2025 జనవరిలో దర్యాప్తు సంస్థ అదే వాడకు చెందిన ముగ్గురిని నిందితులుగా చూపించింది. వాడ ఒప్పుకోలేదు, సీబీఐ దర్యాప్తు కావాలంది. ఎస్సీ, ఎస్టీలు వాడే నీటిని పాడుచేయడం 1989 అట్రాసిటీ చట్టం ప్రకారం నేరం. కానీ ఆ చట్టానికి ఒక నేరస్తుడు కావాలి. పగిలిన పైపును పదేళ్లపాటు అలాగే వదిలేసిన నిర్లక్ష్యాన్ని ఏ సెక్షన్ కింద రాయాలి?

అందుకే నివేదికల మాట. సమీకృత వ్యాధి నిఘా కార్యక్రమం వారం వారం వ్యాధుల విజృంభణల పట్టిక ఇస్తుంది. రాష్ట్రం, జిల్లా, వ్యాధి, ఎందరికి సోకింది, ఎందరు చనిపోయారు, ఎప్పుడు మొదలైంది, ఏం చర్య తీసుకున్నారు. వాటిలో అతిసారం తరచూ కనిపిస్తుంది. ఊరి పేరు ఉంటుంది, నీటి నమూనా పంపినట్టూ ఉంటుంది. ఏ వాడ, ఏ ట్యాంకు, ఏ లైను అన్న గడి లేదు. 1854లో లండన్‌లో జాన్ స్నో కలరాకు మూలమైన పంపును పట్టుకోగలిగింది చనిపోయినవారి ఇళ్లు ఎక్కడెక్కడున్నాయో చూసినందుకే. మన వైద్య విద్యార్థులు ఆ కథ మొదటి పాఠంగా చదివి, ఫీల్డుకు వెళ్లి ఊరి పేరు రాసి తిరిగొస్తారు. తాగునీటి పథకాల్లో ఎస్సీ, ఎస్టీ ఆవాసాలను విడిగా లెక్కపెట్టడం ప్రభుత్వానికి చాలాకాలంగా తెలుసు. పైపు వేసేటప్పుడు తెలిసిన వాడ, బిడ్డ పడిపోయినప్పుడు ఎందుకు తెలియదు?

దీనికి మన మిత్రుల నుంచే ఒక అభ్యంతరం ఉంది. వాడ పేరు రాస్తే ‘వాళ్లు శుభ్రంగా ఉండరు’ అనే నిందకు అది సాక్ష్యమవుతుందని. ఆ భయం ఉత్తది కాదు, ‘చేతులు కడుక్కోండి’ పోస్టరు ఎక్కువగా అతికించేది మన గోడలకే. కానీ రాయకపోయినా ఆ నింద ఆగలేదు. నేను అడిగేది ఒక్క కులం గడి కాదు, దాని పక్కనే నీటి లైను, నీళ్లు వచ్చిన గంటలు, చివరి కుళాయి దగ్గర క్లోరిన్ రీడింగ్. ట్యాంకు కింద ఉన్న వీధిలో 0.5, మాదిగవాడలో సున్నా అని ఒకే కాగితం మీద పడితే ఎవరి శుభ్రత గురించి మాట్లాడాలో తేలుతుంది.

క్లోరిన్ చూడటానికి పెద్ద ప్రయోగశాల అక్కర్లేదు. కాసిని నీళ్లలో రసాయనం వేసి రంగు చూసే చిన్న కిట్ చాలు, అది పంచాయతీల్లో ఉండాల్సిందే. ఈ వేసవి సెలవులకు ఊరెళ్లే ఎంపీహెచ్, సోషల్ వర్క్, జాగ్రఫీ విద్యార్థులు తమ ఊరి పైపు లైన్ల నక్షా గీసి, మొదటి కుళాయి దగ్గరా చివరి కుళాయి దగ్గరా వారానికోసారి రీడింగ్ తీసి, తేదీ వేసి, వీధి పేరుతో సహా రాసిపెట్టండి. జూన్‌లో డిపార్టుమెంట్లు తెరిచేసరికి పది జిల్లాల కాగితాలు మన చేతిలో ఉంటే, నివేదికలో గడి పెట్టమని అడిగే విజ్ఞాపనకు వాటినే జతచేయొచ్చు.