మద్దెల నిజంగా ఓడైతే?

అమెరికా ప్రెసిడెంటు ఎన్నిక ముగిశాక ఓడినవారు ఎలక్టరల్ కాలేజిని తిట్టడం, గెలిచినవారు “ఆడలేక మద్దెల ఓడన్నారట” అని నవ్వడం మన పాట్‌లక్ భోజనాల దగ్గర కూడా వింటున్నదే. మన పాఠకుల్లో రెండు పార్టీలవారూ ఉన్నారు కనుక, ఈ నెల పార్టీల మాట పక్కనబెట్టి మద్దెల సంగతి చూద్దాం.

ఇక్కడ మనం వోటు వేసేది నేరుగా ప్రెసిడెంటుకు కాదు, మన రాష్ట్రపు ఎలక్టర్లకు. మొత్తం 538 మంది. 270 వస్తే గెలుపు. ప్రతి రాష్ట్రానికీ హౌస్ సభ్యులు ఎందరో అందరు, సెనేటర్ల లెక్కన మరో ఇద్దరు. దానితో 2020 జనాభా లెక్కల ప్రకారం వయోమింగ్‌లో సుమారు లక్షా 92 వేల మందికి ఒక ఎలక్టరు ఉంటే, కాలిఫోర్నియాలో 7 లక్షల 32 వేల మందికి ఒకరు. పైగా మెయిన్, నెబ్రాస్కా తప్ప మిగతా రాష్ట్రాలన్నీ ఒక్క వోటు ఎక్కువ వచ్చినవారికే ఎలక్టర్లందరినీ కట్టబెడతాయి. అందుకే కాలిఫోర్నియాలోని అన్నయ్యను అభ్యర్థులు పలకరించరు; పెన్సిల్వేనియాలోని చెల్లెలి ఇంటి తలుపు మాత్రం పదేపదే తడతారు.

ఇండియాలోనూ రాష్ట్రపతిని ఎన్నుకొనేది ఎలక్టరల్ కాలేజియే కదా అని కొందరు అడుగుతుంటారు. నిజమే. అయితే అక్కడ ఎమ్మెల్యే వోటు విలువను 1971 జనాభాను బట్టి కడతారు. 2022 ఎన్నికలో ఆంధ్ర ఎమ్మెల్యే వోటు 159, తెలంగాణ ఎమ్మెల్యే వోటు 132. ఏ రాష్ట్రపు వోట్లూ గంపగుత్తగా ఒకరికే పోవు.

2000లో గోర్ గారికి దేశం మొత్తం మీద 5 లక్షల 40 వేలకు పైగా వోట్లు ఎక్కువ వచ్చినా, ఫ్లారిడాలో 537 వోట్ల తేడాతో బుష్ గారు గెలిచారు. 2016లో హిల్లరీ క్లింటన్ గారికి 28 లక్షలకు పైగా ఎక్కువ వచ్చినా గెలుపు ట్రంప్ గారిదే. ఇది రిపబ్లికన్ల మద్దెల అనుకోకండి. 2004లో ఒహాయోలో 60 వేల మంది మనసు మార్చుకొని ఉంటే, దేశంలో 30 లక్షల వోట్లు తక్కువ వచ్చిన కెర్రీ గారు ప్రెసిడెంటు అయ్యేవారు.

మార్చే ప్రయత్నాలు జరగకపోలేదు. 1968లో జార్జి వాలెస్ 5 దక్షిణాది రాష్ట్రాలు గెలవడంతో, రేపు ఎవరికీ మెజారిటీ రాకపోతే గతేమిటని రెండు పార్టీలకూ దిగులు పట్టుకుంది. 1969లో నేరు ఎన్నిక సవరణకు హౌస్‌లో 330 మందికి పైగా అవునన్నారు. కాదన్నది 70 మందే. నిక్సన్ గారూ సరేనన్నారు. 1970లో సెనేటులో దక్షిణాది, చిన్న రాష్ట్రాల సభ్యులు చర్చను సాగదీసి దాన్ని ఆపేశారు. 1979లో మళ్ళీ తెస్తే 51–48 వచ్చింది. మూడింట రెండు వంతులు రాలేదు.

తర్వాత ఎవరి లెక్క వారిదయింది. దేశం మొత్తం మీద ఎక్కువ వోట్లు వచ్చినవారికే తమ ఎలక్టర్లను ఇస్తామన్న ఒప్పందంలో, 2024లో మెయిన్ చేరేనాటికి 17 రాష్ట్రాలు, వాషింగ్టన్ నగరం కలిసి 209 వోట్లయ్యాయి. దాదాపు అన్నీ డెమొక్రాట్ల వైపు మొగ్గేవే కనుక అవతలివారికి అనుమానం. అదే ఏడు నెబ్రాస్కా పద్ధతిని తమకు అనువుగా మార్చాలని రిపబ్లికన్లు చూస్తే, మెయిన్‌లో మేమూ మారుస్తామని డెమొక్రాట్లు బెదిరించారు. ఏదీ మారలేదు.

కాని 2022లో ఒక మంచి పని జరిగింది. ఎలక్టర్ల వోట్లు లెక్కించేటప్పుడు వైస్ ప్రెసిడెంటుకు వాటిని తోసిపుచ్చే అధికారం లేదనీ, అభ్యంతరానికి ఉభయ సభల్లోనూ ఐదో వంతు సభ్యులు కావాలనీ రెండు పార్టీలూ కలిసి చట్టం చేశాయి. ఎలా కుదిరింది? తర్వాతి లెక్కింపు వేళ వైస్ ప్రెసిడెంటు డెమొక్రాటు. పాత చట్టంలోని సందు తమ మీదికే రావచ్చని ఇరుపక్షాలకూ తోచింది. 2025 జనవరి 6న కమలా హారిస్ గారు తమ ఓటమి లెక్కకు తామే అధ్యక్షత వహించారు.

మాకు తోచేది ఇదే. ఎవరికి లాభమో తెలిసిన నియమాన్ని ఎవరూ మార్చనివ్వరు. నేరు ఎన్నిక సవరణను ఇప్పుడు చేసి, మూడు ఎన్నికల తర్వాత అమలు పెడితే, ఎవరి పంట పండుతుందో ఎవరూ చెప్పలేరు. 2024లో గెలిచినవారికే దేశమంతటా ఎక్కువ వోట్లు వచ్చాయి గనుక, ఆ ఫలితం మీద పాత పేచీ లేదు. రాజీకి ఇది మంచి అదను.

సవరణకు 38 రాష్ట్రాలు ఒప్పుకోవాలి, తేలిక కాదు. అయినా సిటిజన్‌షిప్ తీసుకున్న మనవాళ్ళు తమ సెనేటరుకు ఒక ఉత్తరం రాయవచ్చు. మాతో విభేదించేవారు మాకు రాయండి. వచ్చే సంచికలో చోటిస్తాం.