బిల్లు చెప్పని సంగతి

పిల్లలూ! మీ ఊరి పిండిమరలో మోటారు కాలిపోతే "పాతబడింది, పోయింది" అంటారు. ఆ మాటతో సరిపెట్టుకోవడం తప్పని నా అభిప్రాయం.

మన పిండిమరల్లోని మూడు ఫేజుల మోటారు సాధారణంగా 415 వోల్టులకు తయారవుతుంది. వోల్టేజి అందులో 80 శాతానికి పడిపోయిందనుకోండి. మోటారు తిప్పగల గరిష్ఠ బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది కాబట్టి 64 శాతానికి దిగజారుతుంది. మరలో పోసిన గింజల బరువు మాత్రం తగ్గదు కదా! అందుకని మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. తీగచుట్టలు వేడెక్కి, వాటి పూత మాడిపోతుంది. ఒక ఫేజు పోయినా ఇదే ముప్పు.

నెలనెలా వచ్చే బిల్లు ఎన్ని యూనిట్లు వాడామో చెబుతుంది గాని, ఆ కరెంటు ఎలాంటిదో చెప్పదు. కనుక ప్రతి చిన్న పరిశ్రమలోనూ బోర్డు మీద వోల్టుమీటరు ఉండాలి. మూడు ఫేజుల అంకెలూ రోజూ పుస్తకంలో రాయాలి. "అదొక దండగ ఖర్చు" అంటారు కొందరు. మోటారుకు మళ్ళీ తీగ చుట్టించడానికి ఎంతయిందో వారినే అడగండి!

మీరు తీగలు ముట్టకండి. మీటరు చూసి, అంకెలు రాసి, గ్రాఫు గీసి ఇవ్వండి. తేదీ, వేళ, అంకె ఉంటేనే ఫిర్యాదుకు బలం. లేకుంటే అది ఉత్త నిష్ఠూరమే.