చేతికి వచ్చిన విద్య

“రెండు రోజులు వాడమ్మా, అదే అలవాటైపోతుంది.” పోయిన సంక్రాంతికి తెనాలిలో మా పిన్ని చేతిలో కొత్త ఫోను పెడుతూ వాళ్ళబ్బాయి అన్న మాట ఇది. ప్రేమగానే కొన్నాడు, ఖరీదైనదే కొన్నాడు. అయితే ఆమె ఇంతకాలం వాడింది ఆండ్రాయిడ్ సిస్టమ్, ఇది ఐఫోన్ సిస్టమ్. పాత ఫోను షాపులో ఎక్స్ఛేంజికి పోయింది. రెండు రోజులు గడిచాయి, రెండు నెలలూ గడిచాయి. పిన్ని ఫోను తీయడమే తగ్గించేసింది. ఫోటో పంపమంటే “తర్వాత పంపిస్తాలేరా” అంటుంది. ఎవరైనా ఇంటికొస్తే ఫోను వాళ్ళ చేతికిచ్చి “కాస్త ఇది చూసిపెట్టు” అంటుంది. అంతకుముందు వీధిలో సగం ఇళ్ళ కరెంటు బిల్లులు తన ఫోనులోంచి కట్టిపెట్టిన మనిషి ఆమె.

ఇంట్లో అందరూ చెప్పే కారణం ఒకటే. వయసైపోయింది, కొత్తది బుర్రకెక్కదు. షాపు కుర్రాడూ అదే అన్నాడు, బంధువుల్లో బాగా చదువుకున్నవాళ్ళూ అదే అన్నారు. ఫోన్లన్నీ ఒకటే, వారంలో చెయ్యి తిరుగుతుంది, తిరగకపోతే లోపం వాడేవాళ్ళది అన్న అభిప్రాయం ఎంత పాతుకుపోయిందంటే, ఇబ్బంది పడేవాళ్ళే దాన్ని నమ్మి తలదించుకుంటున్నారు. పిన్ని సిగ్గుపడుతోంది. ఆ సిగ్గు ఆమె పడాల్సింది కాదు. అందుకే ఇది రాస్తున్నాను.

పిన్ని ముప్పై ఏళ్ళు జాకెట్లు కుట్టింది. కత్తెర పట్టుకుంటే సుద్దగీత అక్కర్లేకుండానే చంక దగ్గర వంపు తిరిగిపోతుంది. దాన్ని చూసి ‘ఆవిడకు అలవాటు’ అని ఎవరూ తేలిగ్గా అనరు, పనితనం అంటారు. అదే చెయ్యి ఆరేళ్ళపాటు ఫోను మీద నేర్చుకున్నదాన్ని మాత్రం అలవాటు అని తీసిపారేస్తాం. ఎక్కడ నొక్కితే వెనక్కి వస్తుందో, డబ్బు పంపేముందు ఏ పేరు సరిచూసుకోవాలో, మనవరాలి వీడియో ఎక్కడ దాచిందో, కళ్ళజోడు లేకపోయినా ఆమె వేళ్ళకు తెలుసు. చూడకుండా చేయగలగడమే కదా ఏ విద్యలోనైనా ఆరితేరడమంటే! ఆ విద్యను ఒక్క పూటలో పనికిరాకుండా చేసి, ఆమె నేర్చుకోలేకపోతోందని అంటున్నాం. ఆమె నేర్చుకోగలదు. ఒకసారి నేర్చుకుంది కూడా.

మా ఊళ్ళో పాత బుల్లెట్ బండి నడిపినవాళ్ళు ఉండేవాళ్ళు. దానికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద. వాళ్ళు వేరే బండెక్కితే గేరు మార్చబోయి బ్రేకు తొక్కేవాళ్ళు, బ్రేకు వేయబోయి గేరు తొక్కేవాళ్ళు. వాళ్ళను చూసి ముసలితనం అనలేదు ఎవరూ. “కాళ్ళు తారుమారు, కొన్నాళ్ళు నెమ్మదిగా పోనివ్వు” అని మెకానిక్కే హెచ్చరించి బండి ఇచ్చేవాడు. తేడా బండిలో ఉందని అందరికీ తెలుసు. పైగా బాగా చెయ్యి తిరిగినవాడికే ఎక్కువ తడబాటు అనీ తెలుసు. కొత్తగా నేర్చుకునేవాడికి చెరుపుకోవాల్సిందేమీ లేదు మరి. ఫోను దగ్గరికి వచ్చేసరికి ఈ ఇంగితం ఏమైపోయింది?

ఒకటి ఒప్పుకోవాలి. కొన్ని నిజంగానే వారంలో వస్తాయి. గుర్తుల రంగులు, కెమెరా ఎక్కడుంది, టార్చి ఎలా వెలిగించాలి వంటివి పిన్నికి నాలుగు రోజుల్లో వచ్చాయి. యూపీఐ కొత్త ఫోనులో మళ్ళీ నమోదు చేసుకోవాల్సి రావడం, బ్యాంకు సిమ్ నుంచి మెసేజ్ అడగడం, ఇవి కూడా న్యాయమైన ఇబ్బందులే. మన సొమ్ము ఇంకొకడి ఫోనులోకి పోకుండా పెట్టిన గడియ అది. దానిమీద నాకు ఫిర్యాదు లేదు.

నా ఫిర్యాదు మిగతావాటి మీద. వెనక్కి వెళ్ళడమే తీసుకోండి. ఆండ్రాయిడ్‌లో మొదటినుంచీ ఏ యాప్‌లో ఉన్నా వెనక్కి రావడానికి ఒకే మీట ఉండేది. ఐఫోన్‌లో అలాంటి మీట ఎన్నడూ లేదు. ఒక యాప్‌లో పైన ఎడమవైపు బాణం, ఇంకోదాంట్లో మూలన ‘డన్’ అనే మాట, మరోచోట కిందికి లాగాలి. ఎడమ అంచు నుంచి వేలు జరిపితే వెనక్కి వచ్చే పద్ధతి 2013లో ఐఓఎస్ 7తో వచ్చింది కానీ, అది తెర మీద ఎక్కడా రాసి ఉండదు. ఇక సిస్టమ్ మారకపోయినా మనల్ని కదిలించడం మానలేదు ఈ కంపెనీలు. 2017లో ఐఫోన్ టెన్‌తో హోమ్ బటన్ పోయింది. 2019లో ఆండ్రాయిడ్ 10తో మూడు మీటల బదులు వేలితో జరిపే సైగలు వచ్చాయి. కనబడే మీట పోయి, కనబడని సైగ వచ్చింది. కనబడనిదాన్ని ఎవరో ఒకరు చెప్పాలి. పక్కన చెప్పేవాళ్ళున్నవాడికి తెలివైనవాడన్న పేరు వస్తుంది, ఒంటరిగా ఉన్న మనిషికి మొద్దు అన్న పేరు మిగులుతుంది.

తెలుగు రాసేవాళ్ళ కష్టం ఇంకొకటి, దీని గురించి మాట్లాడేవాళ్ళే తక్కువ. పిన్ని ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాయదు, అచ్చంగా తెలుగులోనే రాస్తుంది. ‘కృష్ణ’ అని రాయాలంటే క నొక్కి సుడి ఇవ్వాలి, తర్వాత ష, పొల్లు, ణ. ఆ పొల్లు ఎక్కడుందన్నదే సమస్తం. తెలుగులో వాక్యానికి ఎన్ని ఒత్తులుంటాయో చూడండి, ప్రతి ఒత్తుకూ అది కావాలి. కీబోర్డు మారి పొల్లు చోటు మారితే చెయ్యి ప్రతి మాట దగ్గరా ఆగుతుంది. పాత కీబోర్డుకు ఇంటిపేర్లు, ఊళ్ళ పేర్లు, ముద్దుపేర్లు తెలుసు. కొత్తదానికి ఒక్కటీ తెలియదు. వేరే కీబోర్డు తెచ్చి వేసుకోవచ్చు కదా అంటారు. వేసుకోవచ్చు, అలాంటి వీలుందని తెలిస్తే. ముందు రోజూ చేంతాడంత మెసేజ్ పెట్టే పిన్ని ఇప్పుడు బొటనవేలు బొమ్మ పెట్టి ఊరుకుంటోంది. మా కుటుంబం కోల్పోయింది ఒక కీబోర్డు కాదు, ఆమె మాట.

మనిషి సిస్టమ్‌కు సర్దుకోవాలని అంత సులువుగా చెప్పేవాళ్ళు, సిస్టమ్ మనకు ఎంత సర్దుకుందో కూడా చూడాలి. ఆండ్రాయిడ్ మెనూలు తెలుగులో రావడం 2014లో, ఐదో వెర్షన్‌తో మొదలైంది. ఐఫోన్ సిస్టమ్ భాషల్లో తెలుగు చేరింది 2025లో, ఐఓఎస్ 18.4తో. పదేళ్ళకు పైగా తేడా. ఆ మధ్యలో తెలుగు మెనూ వదిలి అటు వెళ్ళిన ఇంగ్లీషు రాని మనిషి ఏం చేయాలి? 2018 ఫిబ్రవరిలో జరిగింది చాలామందికి గుర్తుండే ఉంటుంది. ‘జ్ఞా’ అన్న అక్షరం, మధ్యలో కంటికి కనబడని ఒక కోడు చేరిన కూర్పులో వస్తే చాలు, దాన్ని చూపించలేక ఐఫోన్‌లో మెసేజ్ యాప్‌లే కూలిపోయాయి. ఆ నెలలోనే 11.2.6 అప్‌డేట్ ఇచ్చి సరిచేశారు. ప్రపంచమంతా ఫోన్లను కూల్చే వింత అక్షరమని దాన్ని చెప్పుకుంది. జ్ఞానం, జ్ఞాపకం అన్న మాటల్లో మనం రోజూ రాసుకునే అక్షరం అది. వింత దాంట్లో లేదు. ఆ సిస్టమ్ మన రాతను అంతవరకూ సరిగ్గా పరీక్షించుకోలేదు, అంతే.

ఇక అన్నిటికన్నా బరువైనది చెప్పాలి. మా బాబాయి పోయి రెండేళ్ళయింది. ఆయనకు టైపు చేయడం రాదు, అన్నీ వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్‌లే. బజారు నుంచి, “దొండకాయలు లేతగా ఉన్నాయి, తేనా?” అనేవి. రైలెక్కి, “సీటు దొరికింది, నువ్వు తినేసెయ్” అనేవి. పిన్ని వాటిని రాత్రిపూట వినేది. కొత్త ఫోనులోకి పేర్లు, నంబర్లు వచ్చాయి, ఫోటోలు వచ్చాయి. అవి రాలేదు. షాపు కుర్రాడు ఐదు నిమిషాల్లో అంతా అయిపోయిందన్నాడు, పాత ఫోను అక్కడే తుడిచేశాడు. ఈ విషయం ఆమె మాకు నెల తర్వాత చెప్పింది.

అలవాటైపోతుంది అనేవాళ్ళు దీనికి ఏం జవాబు చెబుతారు? దేనికి అలవాటు పడాలి ఆమె?

ఇది విధి చేసింది కాదు. వాట్సాప్ చాట్‌లు ఆండ్రాయిడ్‌లో గూగుల్ ఖాతాలోకి బ్యాకప్ అవుతాయి, ఐఫోన్‌లో ఐక్లౌడ్‌లోకి. దాన్ని ఇది చదవలేదు, దీన్ని అది చదవలేదు. 2009లో పుట్టిన వాట్సాప్‌కు ఒక సిస్టమ్ నుంచి ఇంకోదానికి సొంత దారి వేయడానికి పన్నెండేళ్ళు పట్టింది. 2021లో ఐఫోన్ నుంచి కొన్ని శాంసంగ్ ఫోన్లకు, 2022లో ఆండ్రాయిడ్ నుంచి ఐఫోన్‌కు ఆ వీలు వచ్చింది. ఆ రెండో దారి తెరిచినప్పుడు పెట్టిన షరతు ఏమిటంటే, కొత్త ఫోనును మొదటిసారి సిద్ధం చేసే సమయంలోనే అది జరగాలి. ఫోను వాడకం మొదలయ్యాక గుర్తొస్తే అంతా తుడిచి మళ్ళీ మొదటినుంచి రావాలి. ఇన్ని తెలిసినవాడు పక్కన ఉంటేనే మనిషి జ్ఞాపకాలు గడప దాటుతాయి.

కంపెనీలకు ఈ ఇబ్బంది తెలియదనుకుంటే పొరపాటు. ఆపిల్ మీద ఎపిక్ గేమ్స్ వేసిన దావా 2021లో విచారణకు వచ్చినప్పుడు ఆపిల్ లోపలి ఉత్తరాలు బయటపడ్డాయి. తమ మెసేజ్ యాప్ అయిన ఐమెసేజ్‌ను ఆండ్రాయిడ్‌కు ఇస్తే, ఐఫోన్ వాడే కుటుంబాలు పిల్లలకు ఆండ్రాయిడ్ ఫోన్లు కొనిపెట్టడానికి ఉన్న అడ్డు తొలగిపోతుందని ఆ సంస్థ పెద్దల్లో ఒకరైన క్రెగ్ ఫెడరిగీ 2013లోనే రాశారు. అడ్డు ఉందని తెలుసు, అది ఉండాలని కోరుకున్నారు. 2022 సెప్టెంబరులో ఒక సభలో ఒకతను లేచి, మా అమ్మ వేరే ఫోను వాడుతుంది, నేను పంపే వీడియోలు సరిగ్గా చేరడం లేదు అన్నప్పుడు, అమ్మకు ఐఫోన్ కొనివ్వమని అప్పుడు ఆపిల్ అధిపతిగా ఉన్న టిమ్ కుక్ జవాబిచ్చారు. గూగుల్ వైపు తప్పు లేదనడం లేదు. ప్లే స్టోర్‌లో డబ్బిచ్చి కొన్న యాప్ ఐఫోన్‌కు వెళితే మళ్ళీ కొనుక్కోవాల్సిందే, అటు కొన్నది ఇటు వచ్చినా అంతే. ఆవరణలోకి పిలిచేటప్పుడు ఇద్దరూ తలుపు బార్లా తెరుస్తారు. బయటికి వెళ్ళేటప్పుడు మూట చేతికందించేవాడు లేడు.

సిస్టమ్‌లు వేరువేరుగా ఉంటేనే పోటీ, పోటీ ఉంటేనే మెరుగుదల అని ఒక వాదన ఉంది. వేరుగా ఉండనీయండి. వేరుగా ఉండటానికీ, నా సామాను నాతో రానివ్వకపోవడానికీ సంబంధం లేదు. మన దేశంలోనే దీనికి రుజువుంది. సెల్ కంపెనీ మారితే నంబరు పోవడం ఒకప్పుడు సహజం అనుకునేవాళ్ళం. పెళ్ళిపత్రికల మీద, షాపు బోర్డుల మీద నంబర్లు కొట్టేసి కొత్తవి రాసుకున్నవాళ్ళున్నారు. అప్పుడూ ఇదే మాట, కొన్నాళ్ళకు అందరికీ కొత్త నంబరు అలవాటవుతుందిలే అని. 2010 నవంబరులో హర్యానాలో మొదలై 2011 జనవరి 20న దేశమంతటా నంబరు పోర్టబిలిటీ వచ్చింది. 1900కు ఒక మెసేజ్, మొదట్లో 19 రూపాయల రుసుము, అంతే, నంబరు మనతో వచ్చేసింది. కంపెనీల మధ్య పోటీ చచ్చిపోలేదు. నంబరు మనదని నియమం చెప్పింది కాబట్టి కుదిరింది. బాబాయి గొంతు ఒక నంబరుకన్నా తక్కువ సొత్తా పిన్నికి? చాట్‌లు, గొంతులు, కీబోర్డు నేర్చుకున్న మాటలు, కొన్న యాప్‌లు వాడేవాళ్ళవని, ఫోను మారితే వాళ్ళతో రావాలని నియమం ఉండాలి. పాత ఫోను తుడిచే ముందు ఏమేమి రాలేదో కాగితం మీద రాసి కొన్నవాళ్ళ చేతికివ్వడం షాపు బాధ్యత కావాలి.

కానుకగా ఫోను పంపే పిల్లలనూ ఒకటి అడుగుతున్నాను. అమెరికా నుంచి వచ్చేటప్పుడు మీరు వాడిన ఫోను అమ్మకు తెస్తారు, మంచిదే. దాంతోపాటు నాలుగు సాయంత్రాలు కూడా తీసి పెట్టండి. ఫోను మీ చేతిలోకి లాక్కుని టకటకా చేసి చూపించకండి. ఆమె చేతిలోనే ఉండనివ్వండి, ఆమె వేలే కదలనివ్వండి.

పోయిన నెల తెనాలి వెళ్ళి మూడు రోజులున్నాను. పిన్ని జాకెట్ల కొలతలు రాసుకునే పాత నోటుపుస్తకం తీసి, చివరి పేజీలో తన మాటల్లో తనే రాసుకుంది: ‘వెనక్కి - ఎడమ అంచు నుంచి లోపలికి’, ‘పొల్లు - ఫలానా చోట’. ఒక్కో రోజు ఐదారు. మూడో రోజు సాయంత్రం ‘కృష్ణవేణి’ అని తడబడకుండా రాసి చూపించింది. వచ్చే నెల మా పెద్దక్క ఫోను మారుస్తోంది. పాతది ఎక్స్ఛేంజికి ఇవ్వొద్దని, పోయే డబ్బు నేనిస్తానని చెప్పాను. రెండు ఫోన్లూ నెల రోజులు పక్కపక్కనే పెట్టుకుంటుంది, ఏది రాలేదో చూసుకుంటుంది. ముందు వాయిస్ మెసేజ్‌లు చూడమని పిన్ని ఆమెకు ఫోను చేసి మరీ చెప్పింది.